వేలం ఇంటి మేకులు

మా గోడ గడియారం ఫ్రిజ్ మీద ఉంటుంది. వెనక గోడకు ఆనించి, ముందుకు జారకుండా ఒక ఊరగాయ జాడీ అడ్డం పెడతాను. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో పదకొండు అద్దె ఇళ్ళు మారాం. ప్రతి ఇంటి యజమానీ తాళాలు చేతిలో పెడుతూ చెప్పిన మొదటి మాట ఒక్కటే, గోడలకు మేకులు కొట్టకండి అని. నీళ్ళు ఎప్పుడొస్తాయో, చెత్త ఎక్కడ వెయ్యాలో ఆ తర్వాత చెప్పేవారు.

ఒకరు చెప్పిన మాట వినే మనిషిని కాను నేను. కోపం ముక్కు మీదే ఉంటుందని మా బడిలో పిల్లల దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరూ అంటారు. ఆరో ఇంట్లో ఒక రోజు పంతం పట్టి మేకు కొట్టేశాను. గడియారం తగిలించాను. ఏడాదిన్నర పాటు తలెత్తి టైము చూసుకునే సుఖం అనుభవించాను. ఖాళీ చేసే ముందు రోజు ఆ మేకు పీకి, చిల్లులో పళ్ళపేస్టు కూరి, వేలితో నునుపు చేసి, ఆరాక కాస్త పౌడరు అద్దాను. యజమాని కళ్ళజోడు పెట్టుకుని గోడలన్నీ తడిమి చూశాడు. ఏమీ దొరకలేదు. అప్పట్నుంచీ ఇల్లు ఖాళీ చేసే వాళ్ళెవరైనా నన్ను పిలిచి ఈ పని చేయించుకునేవారు. అయినా నాకు తృప్తి లేదు. కొట్టిన మేకును దాచుకునే పనిలేని గోడ ఒకటి కావాలని ఉండేది.

పోయిన వేసవిలో విజయనగరంలో మా పదకొండో ఇంటాయన ఒకరోజు పనసతొనలు పట్టుకుని వచ్చాడు. యజమాని తొనలు పట్టుకొస్తే మంచి వార్త కాదని నాకు తెలుసు.

"శ్రావణంలో మావాడి పెళ్ళమ్మా. మీ వాటా కావాల. ఆషాఢంలో ఎలాగూ మీరు ఇల్లు మారలేరు, కొత్తింట్లో పాలు పొంగించకూడదు గదా. అందుకని ఆషాఢం రాకముందే సూసుకున్నారంటే మీకూ మంచిది" అన్నాడు. అంత మర్యాదగా చెప్పిన మనిషి మీద అరవడం కుదరక తొనలు తీసుకున్నాను. ఆ కోపమంతా మా ఆయన మీద చూపించాను.

"పన్నెండో అద్దింటికి నేను రాను. ఏటి చేస్తారో మీ ఇష్టం."

ఆయన కరెంటాఫీసులో ఫైళ్ళు చూసే ఉద్యోగం చేస్తారు. ఇంట్లో కూడా ఏ విషయమైనా ఫైలులాగే పక్కన పెడతారు. ఈసారి మాత్రం పేపరు మడిచి నా ముందుకు తోశారు. చీమ తలకాయంత అక్షరాలతో పేజీ నిండా బ్యాంకు ప్రకటన. అప్పు కట్టలేని వాళ్ళ ఇళ్ళు వేలం. మామూలు ధరకు మాకు ఇంటి మెట్లు కూడా రావు గానీ, వేలంలో అయితే ఇల్లు రావచ్చట. అడుగున ఒక మాట ఉంది: ఆస్తి ఎక్కడ ఉన్నది అక్కడ, ఎలా ఉన్నది అలా అమ్మబడును. ఆ మాటలో ఎంత భయం ఉందో అప్పుడు తెలియలేదు.

మాకు ఇళ్ళు చూపించడానికి కుదిరిన బ్రోకరుది రాజాం. అంతకుముందు ధాన్యం బ్రోకరు. కళ్ళంలో గింజ నోట్లో వేసుకుని కటుక్కున కొరికి తేమ ఎంతో చెప్పేవాడట. ఇళ్ళ వ్యాపారంలోకి వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఏ గోడైనా సరే, బొటనవేలి గోటితో గీకి, ఆ పొడి వాసన చూసి, నాలిక చివర పెట్టుకునేవాడు. "ఇసక మంచిదండి, నాగావళి ఇసక" అనేవాడు. కాదనడానికి మేమెవరూ గోడలు తినలేదు.

ఆయనకు ఒక పాత కారు ఉండేది. దాని వెనక తలుపులు బయట నుంచి తప్ప తెరుచుకోవు. ఎక్కడ ఆగినా ఆయన దిగి, పంచె సర్దుకుని, ఫోను మాట్లాడుకుని, గుర్తొచ్చినప్పుడు తలుపు తీస్తే మేం దిగాలి. మే నెల ఎండలో దిగని అద్దాల వెనక మేమిద్దరం ఉడికిపోతూ ఆయన గుర్తు తెచ్చుకోవడం కోసం ఎదురుచూసేవాళ్ళం.

మొదటి ఇల్లు రాజాం దగ్గర. ముందు తలుపుకు బ్యాంకు వాళ్ళ తాళం, దాని మీద లక్క ముద్ర. తాళం చెవి ఉన్న ఆఫీసరు సెలవులో ఉన్నాడట.

"ఎనక గుమ్మం ఉన్నాది, రండి" అన్నాడు బ్రోకరు.

వెనక గుమ్మానికి అడ్డంగా ఒక గేదె ఉంది. పక్కనే దాని దూడ. గోడల నిండా పిడకలు. కిటికీలోంచి చూస్తే గదుల్లో కూడా పిడకలే, పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. పక్కింటి ముసలాయన మమ్మల్ని చూడగానే పరుగున వచ్చాడు.

"ఓలమ్మ, ఈ ఇల్లా? కొనకండి తల్లీ. ఇందల దెయ్యముంది. మాపటేళ అడుగుల సప్పుడు ఇనబడతాది."

"మరి మీ పిడకలకి భయం లేదేటి?" అన్నాను.

"పిడకలకేటి భయమమ్మా" అన్నాడాయన, నాకు తెలివి తక్కువన్నట్టు.

బ్రోకరు గేదెను తోలడానికి హెయ్ హెయ్ అన్నాడు. గేదె కదలలేదు. మా ఆయన సాయం చేద్దామని దూడ వైపు నుంచి వెళ్ళారు. దూడ ఉన్న వైపు నుంచి వెళ్ళకూడదని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఒక్క ఊపులో గేదె ఆయన్ను పిడకలు చరిచే చోట కూర్చోబెట్టింది. దెబ్బ తగల్లేదు గానీ ఆ ప్యాంటును మళ్ళీ వాడలేదు. తిరుగు దారిలో బ్రోకరు ముందు అద్దాలు రెండూ దించేశాడు. ఎలా ఉన్నది అలా అంటే గేదెతో సహా అని నాకు అర్థమైంది.

రెండో ఇల్లు నెల్లిమర్లలో. ఈసారి తాళం బెడద లేదని బ్రోకరు ముందే చెప్పాడు. నిజమే, తాళం వెయ్యడానికి తలుపు లేదు. తలుపే కాదు, ద్వారబంధం లేదు, గడప లేదు. ఇంటి ముఖాన ఇటుకలు పళ్ళికిలించిన పెద్ద కంత ఉంది. అలవాటు కొద్దీ కుడికాలు ఎత్తాను, దాటడానికి ఏమీ లేక ఆ కాలు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాను.

ఎదురింటావిడ చీపురు పట్టుకునే వచ్చి సంగతి చెప్పింది. "ఆయన బేంకోళ్ళతో ఒకటే మాటన్నాడండి. ఇల్లు మీది, గడప నాది అన్నాడు. కట్టినప్పుడు దాని కింద నవధాన్యాలేసి, రాగి డబ్బులేసి, ఆలుమగలిద్దరూ పూజ సేసి నిలబెట్టుకున్నారు గదా మరి. తెల్లారగట్ల నలుగురు కలిసి పెళ్ళగించి, ట్రాక్టరు మీద ఏసుకుని పట్టుకుపోనారు. కింద ధాన్యం కూడా ఏరుకున్నారు."

మనవాళ్ళు గడపను వదలరని నాకు తెలియక కాదు. మా పిన్ని ఒకావిడ రోజూ ఉదయం గడపకు పసుపు రాసే దాకా కాఫీ ముట్టేది కాదు. గడప తొక్కితే నెత్తి మీద మొట్టేది. కానీ ఇల్లు పోతే గడపను బండి మీద వేసుకుని వెళ్ళడం మాత్రం అప్పుడే చూశాను. అదొక్కటే కాదు, ఆయన స్విచ్చులు పట్టుకెళ్ళాడు, కుళాయిలు పట్టుకెళ్ళాడు. మరుగుదొడ్లో దిమ్మ మాత్రం ఉంది, దాని మీద ఉండాల్సింది లేదు. పట్టుకెళ్ళకుండా వదిలేసింది గోడలకున్న మేకుల్నే. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. వంటింట్లోనే తొమ్మిది. గరిటెకొకటి, జల్లెడకొకటి, చేతిగుడ్డకొకటి. ఆ ఇంటావిడ ఎవరో గానీ తనివితీరా మేకులు కొట్టుకుంది. నాకు అసూయ వేసింది.

"గడపదేముందండి, సాలూరు ఎల్తే టేకు గడప రెండ్రోజుల్లో సేసిచ్చేస్తారు" అన్నాడు బ్రోకరు, కంత అంచు గీకి నాలిక మీద పెట్టుకుంటూ.

"ఒకరు పసుపు రాసుకున్న గడప పెళ్ళగించిన చోట నేను గడప పెట్టుకోను. మీకు తెలియకపోతే ఊరుకోండి" అన్నాను. ఎందుకంత గట్టిగా అన్నానో నాకే తెలీదు. ఆయన గొణుక్కుంటూనే కారు తలుపు తీశాడు.

అప్పటికి జ్యేష్ఠం మొదలయ్యింది. ఇంటాయన మళ్ళీ ఏమీ అడగలేదు, మామిడిపళ్ళు మాత్రం పంపించాడు. బడి తెరిచే రోజు దగ్గర పడుతోంది. నాకు గాభరా పుట్టింది. సామాను కట్టడం మొదలుపెట్టాను, ఎక్కడికో తెలియకుండానే.

మూడో ఇల్లు మా ఊళ్ళోనే, సాలూరు వెళ్ళే దారిలో, ఊరి చివర. కారులోంచి చూడగానే నా ప్రాణం అక్కడ చిక్కుకుంది. చిన్న ఇల్లు, తూర్పు ముఖం, ముందు కరివేపాకు చెట్టు, ఒక అరుగు. గోడలకు లేత పసుపు రంగు. అరుగు మీద తడి చీర ఆరేసి ఉంది.

"ఎవరో ఉన్నారు" అన్నాను.

"ఉన్నారండి, అప్పు తీసుకున్నోళ్ళే" అన్నాడు బ్రోకరు మెల్లగా. "కాయితాల మీద ఇల్లు బేంకుది. మనుషులింకా నోపలున్నారు. అందుకే ఒక పని సేద్దాం. బాబుగోరు కరెంటాఫీసు గదా, మీటరు సూడ్డానికొచ్చినామని సెప్దాం. అమ్మగోరు కారులోనే ఉండండి. నాను మెల్లగా పిలుస్తాను."

మా ఆయన ముఖం పాలిపోయింది. "నేను మీటరు ఎప్పుడూ చూడలేదండి, నాది ఆఫీసు పని" అన్నారు. ఆయన మాట ఎవరూ వినలేదు. వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. నేను కారులో ఇరుక్కుపోయాను. దిగిపోయి ఇంటికి నడుచుకుంటూ వెళ్ళిపోదామనిపించింది. తలుపు లోపల నుంచి తెరుచుకోదు.

తెరిచింది ఆ ఇంటావిడే. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నదై ఉంటుంది. నూలు చీర, చేతులకు పిండి. బయట నుంచి తలుపు లాగి, "దిగండమ్మా, ఎండలో ఏటలగ కూకున్నారు" అంది.

నేను దిగాను. ఇంకేం చెయ్యగలను?

ఇంటి పక్కన గోడకున్న ఒక పెట్టె ముందు మా ఆయన నిలబడి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, చాలా సేపట్నుంచి చూస్తున్నారు. ఆవిడ అక్కడ ఆగింది.

"మీటరు సూడ్డానికొచ్చినోళ్ళలో మీరు నాలుగోవోళ్ళండి. ముందొచ్చినోళ్ళు మీటరు దగ్గరికే ఎల్లనేదు. మీరు నయం. ఎంత తిరిగిందేటి?"

మా ఆయన ఏదో అంకె చెప్పారు.

"అది మోటారు స్టార్టరండి. మీటరు అరుగు మీదుంది."

ఇరవై తొమ్మిదేళ్ళు కరెంటాఫీసులో పనిచేసిన మనిషి నేల చూపులు చూస్తుంటే, నవ్వు కనబడకుండా నేను కరివేపాకు చెట్టు వైపు తిరిగాను. బ్రోకరు ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆవిడ మాత్రం కోపగించుకోలేదు.

"రండి, నాను సూపిస్తాను. దొంగసూపులు సూస్తే ఇల్లేటి తెలుస్తాది?"

మాకు ఇల్లు చూపించిన వాళ్ళలో అంత నిజాయితీగా చూపించిన వాళ్ళు లేరు. ఈ మూల వానాకాలం చెమ్మ దిగుతుంది, బీరువా ఇక్కడ పెట్టొద్దు అంది. ఈ కిటికీ తెరిచి వదిలేస్తే కోతులొచ్చి ఉల్లిపాయలు పట్టుకుపోతాయి అంది. వంటగది గొట్టం ఏడాదికోసారి కారుతుంది, ఫలానా చోట గుడ్డ చుట్టాలి అంది. బ్రోకరుకు ఊపిరాడలేదు. ఇన్నాళ్ళూ లోపాలు దాచడం ఆయన పని. ఇప్పుడు ఇంటావిడ చెబుతుంటే ఆయన కాదంటున్నాడు.

"అంత సెమ్మేటీ నేదండి. నాను గీకి సూసినాను గదా."

"నా ఇంటి సంగతి నాకు తెల్దేటి?" అందావిడ.

మూసి ఉన్న గదిలోంచి దగ్గు వినబడింది. "మా ఆయనండి. బయటికి రారు" అంది. సాలూరులో వాళ్ళకు లారీ ఉండేదట. ఇల్లు తాకట్టు పెట్టి ఇంకో లారీ కొన్నారు. ఆ రెండోది ఘాటు రోడ్డు మీద బోర్లా పడింది. "దేవుడి దయ, మనిషికేటీ అవ్వనేదు. లారీ పోనాది. మొదటిది అమ్మి ఈ అప్పుకి కట్టినాం. అదీ సాలనేదు" అంది. ఇంకెవరి ఇంటి సంగతో చెప్పినట్టు చెప్పింది.

హాల్లో ఒక గోడ నిండా మేకులున్నాయి. వరసగా, ఒకే ఎత్తున. ఒకదానికి సంచి, ఒకదానికి గొడుగు, క్యాలెండరు, దువ్వెన పెట్టుకునే చిన్న అద్దం. చివరి మేకు ఖాళీ. అది లారీ తాళాలదట.

ఆ గోడ చూసేసరికి నా నోరు నా మాట వినలేదు. "ఎంత అదృష్టవంతులండీ, ఎన్ని మేకులో" అనేశాను. అన్నాక నాలిక కరుచుకుందామనుకున్నాను గానీ అప్పటికే ఆలస్యమైంది. కప్పిపుచ్చడానికి నా అద్దె ఇళ్ళ కథంతా చెప్పడం మొదలుపెట్టాను. ఫ్రిజ్ మీది గడియారం, ఆరో ఇంటి మేకు, పేస్టు.

ఆవిడ మొదటిసారి నవ్వింది. "పేస్టా? పళ్ళు తోముకునేదా?"

"అదే. తెల్లది కావాలి. లవంగం పేస్టయితే ఇంకా మంచిది, గట్టిగా ఆరుతుంది. ముందు చిల్లులో దుమ్ము ఊదెయ్యాలి. తర్వాత కూరి, తడివేలితో నునుపు చెయ్యాలి. ఆరాక పౌడరు. ఎవరూ పోల్చుకోలేరు."

"రంగు గోడకయితేనో?"

"పేస్టులో కాస్త పసుపు కలపండి" అన్నాను ఉత్సాహంగా. బడిలో పిల్లలకు పాఠం చెప్పినట్టే చెప్పాను. ఆవిడ తలూపుతూ శ్రద్ధగా విన్నది. నా జీవితంలో ఏ విద్యార్థీ అంత బాగా వినలేదు.

వెళ్తామని లేచాం. "ఉండండి" అని లోపలికి వెళ్ళి పళ్ళెంతో వచ్చింది. కుంకుమ భరిణె, పసుపు, రెండు అరటిపళ్ళు, లేతాకుపచ్చ జాకెట్టు ముక్క.

"ఎందుకండీ, వద్దండీ" అన్నాను.

"మొదటిసారి మా గడపలోకి వొచ్చినారు. ఉత్త సేతుల్తో పంపుతామేటి?" అంది. బొట్టు పెడతానన్న మనిషి దగ్గర ముఖం తిప్పుకునే ఆడది మా వైపు ఎక్కడా ఉండదు. కొంగు పట్టాను. ఆవిడ ఇల్లు కొనడానికి వచ్చిన నా నుదుట ఆవిడే బొట్టు పెట్టింది.

"కొట్టాయనొకాయన మొన్నొచ్చి సూసినాడు. పడగొట్టి గోడౌను ఏస్తాడట" అంది, కారు దాకా వచ్చి. "మీరు కొనండని నాను సెప్పను. కొనొద్దనీ సెప్పను. సెప్పే నోరు బేంకోళ్ళకి ఇచ్చేసినాం గదా." మేం ఎక్కాక తలుపు ఆవిడే వేసింది.

"సరుకు బాగున్నాదండి, వొదలకండి" అన్నాడు బ్రోకరు కారు మలుపు తిరగగానే. ఆయన మీద అరిచాను. మీటరు మీద, కారు తలుపు మీద, ఆయన గీకి తిన్న గోడలన్నిటి మీద అరిచాను. ఆయన బండి నడుపుతూ తలూపాడు. ఎదురు చెప్పి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

మామూలుగా ఎవరైనా జాకెట్టు ముక్క పెడితే గుడ్డ చేత్తో నలిపి చూసి, అల్మరాలో దొంతరలో పెడతాను. ఇంకెవరికో పెట్టడానికి పనికొస్తుంది. ఈ లేతాకుపచ్చ ముక్కను ఆ దొంతరలో పెట్టడానికి చెయ్యి రాలేదు. కుట్టించుకోవడానికీ మనసొప్పలేదు. బల్ల మీదే ఉండిపోయింది.

"కొందామా వద్దా?" అని మా ఆయన్ను అడిగాను.

"నువ్వెలాగంటే అలాగే."

"ఇరవై ఆరేళ్ళుగా ఇదే మాట."

"ఇరవై ఆరేళ్ళుగా నువ్వు నా మాట విననే లేదు కదా" అన్నారాయన.

వేలం కంప్యూటరులో జరిగింది. నెట్ సెంటరులో ఒక కుర్చీలో నేను, వెనక నిలబడి ఆయన, పక్కన బ్రోకరు. పాడేది మేమూ, ఇంకొకరూ. ఆ ఇంకొకరు గోడౌను ఆయనే అని బ్రోకరు చెవిలో చెప్పాడు. మేం ఒక మెట్టు ఎక్కితే ఆయన ఇంకో మెట్టు ఎక్కుతున్నాడు. మేం అనుకున్న హద్దు దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. ఆపేస్తే ఆవిడ గోడలు కూలిపోతాయి. ఆపకపోతే ఆవిడ ఇంట్లో నేనుంటాను. ఆ కరివేపాకు చెట్టు నరికించే మనిషి ముఖం ఊహించుకుంటే కోపం వచ్చింది. ఆ కోపంలో నొక్కాను. ఆయన మళ్ళీ ఎక్కలేదు.

ఆ ఇంటిని కాపాడటానికే కొన్నానని చాలా మందికి చెప్పుకున్నాను. నాకు ఇల్లు కావాలి గనక కొన్నాను. ఆ రెండూ ఒకటేనని నన్ను నేను నమ్మించుకోలేకపోతున్నాను.

ఆ ఇంటివాళ్ళు సంగతి పోలీసుల దాకా రానివ్వలేదు. తామే ఖాళీ చేసి తాళాలు బ్యాంకులో ఇచ్చేశారు. ఆషాఢానికి ఇంకా కొద్ది రోజులుంది. స్వాధీనం చేసుకోవడానికి ఒక శుక్రవారం ఉదయం బయల్దేరాం. దారి పొడుగునా నాకు నెల్లిమర్ల ఇంటి కంత కళ్ళ ముందు ఆడింది.

"గడప ఉంటాదంటారా?" అని బ్రోకరును అడిగాను.

"సెప్పలేమండి. ఉంటే మన అదృష్టం."

బ్రోకరు కారు తలుపు తీసేదాకా ఆగలేక లోపల నుంచి బాదాను. దిగి చూశాను. ద్వారబంధం ఉంది, తలుపు ఉంది, గడప ఉంది. కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. పసుపు ఇంకా పచ్చిగానే ఉంది. ముందు చిన్న ముగ్గు కూడా. ఆవిడే తెల్లవారుజామున వచ్చి, బయట నుంచే రాసి వెళ్ళిందని పక్కింటి వాళ్ళు చెప్పారు. నాకు కన్నీళ్ళు వచ్చాయి. వచ్చింది ఊరట వల్లనని సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. కుడికాలు పెట్టి గడప దాటాను.

కుళాయిలన్నీ ఉన్నాయి. స్విచ్చులున్నాయి. వంటగది గొట్టానికి కొత్త గుడ్డ చుట్టి ఉంది. బ్యాంకాయన సంతకాలు పెట్టించుకుని, ఇంత బాగా అప్పజెప్పిన వాళ్ళను చూడలేదండీ అని మెచ్చుకున్నాడు.

హాల్లోకి వచ్చాను. ఆ గోడ నున్నగా ఉంది. ఒక్క మేకు లేదు.

బ్రోకరు అలవాటు కొద్దీ గోటితో గీకాడు. వాసన చూశాడు. నాలిక మీద పెట్టుకుని కనుబొమలు ముడిచాడు. "ఇదేటండీ, లవంగం వాసనొస్తన్నాది?"

నేను దగ్గరికి వెళ్ళి తడిమాను. వరసగా, ఒకే ఎత్తున, వేలికి తగిలీ తగలనట్టు చుక్కలు. సంచి మేకు, గొడుగు మేకు, అద్దం మేకు, లారీ తాళాల మేకు. పసుపు కలిపి, గోడ రంగుకు సరిగ్గా తెచ్చింది. పౌడరు కూడా అద్దింది. నాకంటే బాగా చేసింది. తాను కట్టించుకున్న ఇంటిని ఆవిడ అద్దెకున్న మనిషిలా మాకు అప్పజెప్పి వెళ్ళింది. అలా అప్పజెప్పడం నేర్పింది నేనే.

పాలు పొంగించిన రోజు మా ఆయన సుత్తి, కొత్త మేకు తెచ్చి నా చేతిలో పెట్టారు. "కొట్టు" అన్నారు. ఆయన అలా ఆజ్ఞాపించడం అదే మొదటిసారి. మేకు గోడకు ఆనించాను. దాని పక్కనే వేలికి ఒక చుక్క తగిలింది. ఇంకో చోట పెట్టాను. అక్కడ చుక్క లేదు, కానీ చెయ్యి లేవలేదు. సుత్తి తిరిగి ఇచ్చేశాను.

ఇప్పుడు వచ్చినవాళ్ళు అడుగుతారు, సొంతిల్లే కదా, గడియారం గోడకు తగిలించుకోవచ్చు కదా అని. రేపు కొడతామండి అంటాను. ఊరగాయ జాడీ కాస్త జరిపి టైము చూసి చెబుతాను.